చల్లయు స్థూలకాయమును

చిల్కూరునుండి మా బడికి వచ్చు స్థూలకాయుఁడగు బాలుఁడొకఁడు, తోటివారి యెగతాళికిఁ దాళలేక, మధ్యాహ్నభోజనము మాని తీపి ప్రోబయాటిక్ పానీయమును త్రాగుచుండెను. దానిచే సన్నగిల్లుదునని వాని నమ్మకము.

ఈ నమ్మకమునకుఁ గొంత యాధారము లేకపోలేదు. స్థూలమైన యెలుకల ప్రేగులలోని సూక్ష్మజీవులను, అట్టి జీవులు బొత్తిగా లేని యెలుకల కెక్కింపఁగా, సన్నని యెలుకల జీవులను పొందినవానికంటె వీనికి క్రొవ్వు హెచ్చుగాఁ బెరిగెనని అమెరికాలోని జెఫ్రీ గోర్డన్ పండితుని బృందము 2006లో వెల్లడించెను. కావున స్థూలకాయునిఁ జూచి తిండిపోతని నిందించుట అన్యాయము.

అయినను పెరుగు తినినంతనే దేహము సన్నగిల్లునని మనుష్యులపై జరిగిన పరీక్షలు నిశ్చయముగాఁ జెప్పలేదు. కనఁబడిన ఫలమును స్వల్పమే. తీపి పానీయములోని చక్కెర మాత్రము దేహమును వీడదు.

మన యిండ్లలోని చల్లయందును పాలచక్కెరను ఆమ్లముగా మార్చు జీవులున్నవి. వెన్నదీసిన చల్లలో క్రొవ్వు తక్కువ; చక్కెరతో దానికిఁ బనిలేదు. దానిని మందని తలంపక, అన్నముతోడి యాహారముగా సేవింపవలెను.

విద్యార్థులారా! ఆ బాలుని మీ పంక్తిలోనికిఁ బిలిచి కలసి భుజింపుఁడు. మీ యెగతాళి మానిననే వాఁడు మరల అన్నము ముట్టును.