కుండీలో అడవి మొలవదు

"అడవి ఆర్కిడ్లు అంతరించిపోతున్నాయి, ఆదివాసులకు వాటి విలువ తెలియదు" అనే మాట సదస్సుల్లో, శిక్షణల్లో మేము వింటూనే ఉన్నాం. ఆ మాట అనేవాళ్లను ఒకటే అడుగుతున్నాం: విలువ తెలియని మనుషుల మధ్య ఆ మొక్క ఇంతకాలం ఎలా బతికింది?

ఒక్క మొక్కను తీసుకుందాం. జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్. చెట్ల కొమ్మల మీద కాదు, నేలలో బతికే ఆర్కిడ్. మా తూర్పు కనుమల నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంది. జియోడోరమ్ అంటే గ్రీకు భాషలో భూమి ఇచ్చిన కానుక. ఎండాకాలంలో ఆకులు పోయి మట్టిలో దుంప ఒక్కటే మిగులుతుంది. తొలకరి పడ్డాక మడతలు మడతలుగా ఆకులు లేస్తాయి. దుంప పక్క నుంచి వచ్చే పూలకాడ ఆకుల కంటే పొట్టి. దాని కొన కొడవలిలా కిందికి వంగుతుంది. అక్కడ తెల్లని, లేత గులాబి పూలు గుత్తిగా పూస్తాయి. పువ్వుకు మూడు రక్షక పత్రాలు, మూడు ఆకర్షణ పత్రాలు. వాటిలో ఒకటి పెదవిలా మారి ఉంటుంది. కేసరం, కీలం కలిసి ఒకే స్తంభం. పుప్పొడి పొడిగా రాలదు, ముద్దగా పురుగుకు అతుక్కుని పోతుంది. కాయ కట్టాక వంగిన కాడ నిటారుగా లేస్తుంది.

ఆ కాయలో విత్తనాలు దుమ్ములా ఉంటాయి. మొలకకు కావలసిన తిండి వాటిలో ఉండదు. మట్టిలోని శిలీంధ్రం తిండి అందిస్తేనే మొలుస్తాయి. అంటే ఈ మొక్కకు విత్తనం ఎంతో, ఆ నేల కూడా అంతే. దుంపను పెరికి పట్నం తోటలో కుండీలో పెట్టి, పేరు పలక తగిలిస్తే సంరక్షణ అయిపోదు. కొండను క్వారీకి ఇచ్చి, అడవిని దున్ని ఒకే రకం చెట్లు నాటి, మిగిలిన రెండు దుంపలను తోటలో చూపించడం ఏం న్యాయం?

పోడు వల్ల పోయిందంటారా? పోడులో కొన్ని దుంపలు పోతాయి, నిజమే. కానీ బీడు వదిలిన పోడులో అడవి మళ్లీ లేస్తుంది. క్వారీ గుంటలో లేస్తుందా? సాలం మిశ్రి పేరుతో ఆర్కిడ్ దుంపలు మందుల అంగళ్లలో అమ్ముడవుతున్నాయి. కొనేది పట్నం, నింద మన్యానికి!

పేరు సంగతీ చూడండి. 1792లో లామార్క్ దీన్ని లిమోడోరమ్ అన్నాడు. 1919లో ష్లెక్టర్ జియోడోరమ్‌లో చేర్చాడు. ఇప్పుడు కొందరు యులోఫియాలో కలుపుతున్నారు. ఇన్నిసార్లు పేరు మార్చిన పుస్తకాల్లో కువి, కొండ, ఆదివాసీ ఒరియా మాటకు ఒక్క గీత చోటు ఇవ్వలేరా?

చట్టం మా పక్కన లేదా? ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 17ఎ సెక్షన్ కొన్ని మొక్కలను అడవి నుంచి తీయడం నిషేధిస్తూనే, షెడ్యూల్డ్ తెగలవారు తమ జిల్లాలో సొంత అవసరానికి తీసుకోవచ్చని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కును, జీవవైవిధ్యం గురించి మా తరతరాల జ్ఞానం మీద ఉమ్మడి హక్కును గుర్తించింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. ఆ రిజిస్టర్ ఆఫీసు గదిలో కాదు, గ్రామసభలో, మా భాషల్లో రాయాలి. గ్రామసభ ఒప్పుకోకుండా బయటివాళ్లు ఒక్క దుంప కూడా తవ్వకూడదు. మేము అడుగుతున్నది దయ కాదు, చట్టంలో ఉన్నదే.

తోటి ఉపాధ్యాయులారా, పువ్వు భాగాల పాఠానికి మందారం ఒక్కటే చాలదు. వానలు పడ్డాక పిల్లలను ఈ మొక్క దగ్గరికి తీసుకెళ్లండి. పెరకనివ్వకండి, అక్కడే కూర్చుని బొమ్మ వేయించండి. దాన్ని ఏమంటారో అవ్వలను, తాతలను అడిగి పిల్లల చేత వాళ్ల భాషలో రాయించండి. ఆ కాగితం గ్రామసభ రిజిస్టర్‌లో చేరేదాకా వదలకండి.