శ్రుతి పెరిగిన మొదటి వైపు

ఈ వారం నా ప్లేయర్ మీద తిరుగుతున్నది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. జాజ్‌లో ముందు ఇదే వినమని అందరూ చెప్పేదే, కొత్తేం కాదు. కానీ 1992కి ముందు వచ్చిన ఎల్పీ చేతికొస్తే అందులో ఓ తమాషా ఉంది.

మొదటి వైపు మూడు పాటలూ 1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో రికార్డయ్యాయి. ఆ రోజు టేప్ మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును మామూలు స్పీడులో పెడితే? పాట తొందరపడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఊరికే వింటే తెలీదు. రికార్డుతో పాటు పియానో వాయించబోతే దొరికిపోతుంది, ఒక్క మెట్టూ కలవదు! అదృష్టమేంటంటే, ఆ రోజే పక్కన ఇంకో మిషన్ సరైన స్పీడులో తిరిగింది. 1992లో ఆ టేపుతోనే సరిచేశారు. అంటే 33 ఏళ్లు లోకమంతా విన్నది తప్పు శ్రుతే.

పాతదానికి అలవాటుపడ్డ చెవికి సరైనది నీరసంగా అనిపించొచ్చు. నాకు మాత్రం ‘బ్లూ ఇన్ గ్రీన్’లో బిల్ ఎవాన్స్ పియానో ఆ నిదానంలోనే బాగుంటుంది.

పాత ఎల్పీయే దొరికిందా? ముల్లు రెండో వైపు పెట్టండి. అది ఏప్రిల్‌లో చేసింది, శ్రుతి సరిగ్గా ఉంటుంది. ‘ఆల్ బ్లూస్’తో మొదలవుతుంది.