మా అమ్మ సంకేతం 92, మరి నాది?

2013 మెయిన్స్ వ్యాసం పేపర్‌లో, జీడీపీతో పాటు స్థూల దేశీయ సంతోషాన్నీ కలిపి చూస్తేనే దేశ శ్రేయస్సు సరిగ్గా తెలుస్తుందన్న అర్థంలో ఒక అంశం ఇచ్చారు. మీరూ దాన్ని సాధన చేసే ఉంటారు. కుజ్‌నెట్స్‌తో మొదలుపెట్టి, భూటాన్ మీదుగా వెళ్లి, అమర్త్య సేన్ దగ్గర ముగించి ఉంటారు. నేనూ మూడుసార్లు అలాగే రాశాను. ఈసారి కద్మాలో మా ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టాను.

మన నిరుద్యోగం లెక్కలు పీఎల్‌ఎఫ్‌ఎస్ నుంచి వస్తాయని మీకు తెలుసు. 2017-18లో మొదలైంది, 2025 నుంచి నెలనెలా అంచనాలు ఇస్తున్నారు. సర్వే చేసేవారు ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక సంకేత సంఖ్య వేస్తారు. మా ఇల్లు నింపి చూడండి. నాన్న రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది: 94. అమ్మ ఇంటిపని చూసుకుంటుంది: 92. ఇక నేను. గుమ్మం దగ్గర అడిగినప్పుడు అమ్మ "చదువుకుంటున్నాడండీ" అంటే నేను 91లో, అంటే విద్యార్థుల్లో, పడే అవకాశం ఉంది. అప్పుడు నేను శ్రామికశక్తిలోనే లేను, నిరుద్యోగిని అసలే కాను. "ఉద్యోగం కోసం చూస్తున్నాడండీ" అంటే 81, నిరుద్యోగిని. మనిషి అదే, గది అదే, లక్ష్మీకాంత్ పుస్తకం అదే. గుమ్మంలో అమ్మ వాడిన ఒక్క మాటకి దేశపు నిరుద్యోగ రేటులో నా చోటు మారిపోతుంది.

(మా అమ్మ నిజంగా ఏమంటుందో నాకు తెలుసు. "చదువుకుంటున్నాడు" అనే అంటుంది. పరువు కదా.)

జీడీపీ సంగతికొస్తే నేను కట్టిన కోచింగ్ ఫీజు అందులో చేరింది. టెస్ట్ సిరీస్ డబ్బులు, ఫొటోస్టాట్ డబ్బులు, రాంచీ వెళ్లొచ్చిన బస్సు చార్జీలు కూడా చేరాయి. నా ఇరవైమూడు నుంచి ఇరవైఏడు దాకా గడిచిన నాలుగేళ్లు మాత్రం ఎందులోనూ తీసివేతకు రాలేదు. మనలాంటి లక్షలమంది ఖర్చుపెడుతున్న వయసు ఏ ఖాతాలోనూ వ్యయం కాదు. ఆర్థిక ప్రగతిని కొలిచే పద్ధతిని మార్చే చర్చలో యువతకు చోటు ఉండాలని నేను అనేది ఇందుకే. అదేదో అలంకారంగా కోరుకుంటున్నది కాదు. కొలతలో అన్నిటికంటే పెద్ద ఖాళీ మన వయసు దగ్గరే ఉంది.

అమ్మ విషయం మీకు గణాంకాలతో తెలిసిందే. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు అందులో రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకు తొమ్మిది తగ్గాయి. ఈ అంకెలను సమాధానంలో రాసేటప్పుడు, మీ టేబుల్ మీదికి టీ ఎవరు తెచ్చిపెట్టారో కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఊరి సంగతి. జంషెడ్‌పూర్ ఉక్కు మీద లేచిన ఊరు. ఇక్కడ మొదటి ఉక్కు 1912లో తయారైంది. సాక్చి గ్రామం చుట్టూ పెరిగిన ఈ ఊరికి 1919లో జంషెడ్జీ పేరు పెట్టారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మన తాతలు రైలెక్కి వచ్చింది ఆ కొలిమి పనికే. మా తాత కాలంలో "ప్రగతి" అంటే ఎవరికీ వివరించాల్సిన పని లేదు. ఉత్పత్తి పెరిగితే ఊళ్లోంచి ఇంకో బావమరిదికి పని దొరికేది, ఒక క్వార్టర్ వచ్చేది. 1990ల తర్వాత ఆ లంకె తెగింది. ఆధునికీకరణతో ఉక్కు ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది, పర్మనెంటు కార్మికుల సంఖ్య మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. ఉద్యోగరహిత వృద్ధి అని మనం జీఎస్-3లో రాసేది ఇదే. నాతో పాటు పదో తరగతి చదివినవాళ్లలో కొందరు ఇప్పుడు ఠేకేదార్ల కింద పనిచేస్తున్నారు. తాత నాటి కొలబద్దతోనే ఈ ఊరిని కొలిస్తే వాళ్లు కనపడరు.

ఇంకొకటి. వానాకాలంలో ఖర్కాయి పొంగితే కద్మా పల్లపు బస్తీల్లోకి నీళ్లొస్తాయి. నీళ్లు తీశాక జనం పరుపులు, సిమెంటు, రంగులు కొంటారు. ఆ కొనుగోళ్లన్నీ జీడీపీలోకి వెళ్తాయి. పాడైన పరుపు ఎక్కడా తగ్గింపుగా కనపడదు.

అలాగని జీడీపీని అవతల పారేద్దామని మీరు రాస్తే నేను ఒప్పుకోను. పన్నులు, అప్పులు, లోటు అన్నీ దాని నిష్పత్తిలోనే చూడాలి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల మధ్య పన్నుల వాటా పంచినప్పుడు తలసరి ఆదాయపు అంతరానికి 45 శాతం బరువు ఇచ్చింది, అడవులకు, పర్యావరణానికి 10 శాతం. జార్ఖండ్‌లాంటి రాష్ట్రానికి ఆ రెండు అంకెలూ అన్నం పెట్టేవే. దేన్ని కొలుస్తారో దానికే డబ్బు వస్తుంది, కాబట్టి కొలత ఎవరు నిర్ణయిస్తారన్నది రాజకీయ ప్రశ్న. సంతోష సూచీల మీద కూడా నాకు కొంత అనుమానమే. మధ్యప్రదేశ్ 2016లో ఆనంద శాఖ పెట్టింది. ఉద్యోగం అడిగినవాడికి ఆనందం చూపించడం ఏ ప్రభుత్వానికైనా చవకైన పని.

మరి యువతను ఎలా కలుపుకోవాలి? న్యూజీలాండ్‌లో మంచి జీవితం అంటే ఏమిటని 6 వేలకు పైగా పిల్లలను, యువతను అడిగి 2019లో నివేదిక ఇచ్చారు. బ్రిటన్ 2010లో "మీకు ఏది ముఖ్యం" అని జాతీయ చర్చ పెట్టి, వచ్చిన జవాబులతో కొలతలు తయారుచేసుకుంది. వేల్స్ 2015లో భావి తరాల శ్రేయస్సుకు చట్టమే చేసింది. మన దగ్గర కూడా ఇది కొత్త కాదు. దాదాభాయి నౌరోజీ తలసరి ఆదాయం ఏడాదికి 20 రూపాయలని లెక్కగట్టి ఊరుకోలేదు, జైల్లో ఖైదీ తిండికీ బట్టకీ సర్కారు పెట్టే ఖర్చుతో దాన్ని పోల్చాడు. ప్రశ్న అడిగేవాడు మారితే కొలత ఎలా మారుతుందో చూపడానికి నేను ఇదే ఉదాహరణ రాస్తాను.

ఇప్పుడు సమయం కూడా అనుకూలంగానే ఉంది. జీడీపీ ఆధార సంవత్సరాన్ని 2011-12 నుంచి 2022-23కి మార్చాలని నిర్ణయించారు. ఐక్యరాజ్యసమితి 2024లో ఆమోదించిన భవిష్యత్ ఒడంబడికలో జీడీపీని దాటిన కొలతల ప్రస్తావన ఉంది. కానీ కద్మాలో ఒక ఇరవైయేళ్ల అమ్మాయి ఈ మాట ఎక్కడ చెప్పాలి? మేమున్న ప్రాంతానికి ఎన్నికైన మున్సిపాలిటీ లేదు, నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉంది. వార్డు సభ అనేదే లేనిచోట, కాలేజీలే ఆ పని మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కోఆపరేటివ్ కాలేజీలో అర్థశాస్త్రం చదివే పిల్లలు బస్తీకి వెళ్లి సర్వే చేయడం ఒక్కటే చాలదు, ప్రశ్నావళిలో కనీసం పది ప్రశ్నలు వాళ్లు రాసినవై ఉండాలి. ఆ జవాబులు జిల్లా ప్రణాళిక కమిటీ ముందుకు వెళ్లాలి. నన్ను రాయమంటే మొదటి ప్రశ్న ఇది: గత ఏడాదిలో ఎన్ని నెలలు ఫలితం కోసం ఎదురుచూశారు?

ఈ వారం సాధనగా 2013 అంశాన్నే మళ్లీ రాయండి, 1200 పదాల్లో. కాకపోతే మొదటి పేరాలో భూటాన్ వద్దు. మీ ఇంట్లో ఎవరికి ఏ సంకేతం పడుతుందో రాసి మొదలుపెట్టండి.