ఆశ్లేషలో కనబడని ఆశ్లేష

చిన్న పుసాల, పెద్ద పుసాల దాటి ఆశ్లేష కార్తె వచ్చిందంటే రెబ్బెన మండలంలో పత్తి చేల కలుపు, ఎరువుల పనితో ఊపిరాడదు. నాగుల పంచమి కూడా చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కలే వస్తుంది. ఆశ్లేషకు అధిదేవత సర్పం మరి. తమాషా ఏమిటంటే, ఆగస్టు మొదటి పక్షంలో వచ్చే ఆ కార్తెలో ఆ చుక్కలు కంటికి ఆనవు. సూర్యుడు వాటి దగ్గరికి చేరితేనే కదా ఆశ్లేష కార్తె! ఆయనతోపాటే పొడిచి, ఆయనతోపాటే గుంకుతాయి.

వాటిని రాత్రంతా చూడాలంటే పుష్య అమావాస్య దాకా ఆగాలి. కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు గోదావరి జలం తెచ్చి నాగోబాకు మహాపూజ చేసే రాత్రి అది. ఆనాడు పొద్దు గుంకే వేళకు తూర్పున ఆకాశసర్పం తలెత్తుతుంది. నడిరేయికి తల నడినెత్తికి దగ్గరవుతుంది, తోక మాత్రం ఇంకా పైకి రాదు. పాము మొత్తం పొడవడానికి దాదాపు ఏడు గంటలు, అంటే సింగరేణి షిఫ్టుకు గంట తక్కువ. నాగోబా పూజకూ ఈ ఆకాశసర్పానికీ ముడిపెట్టి కథ అల్లబోవడం లేదు గానీ, నాగోబా జాతరకు వెళ్లినవారు ఒకసారి తల పైకెత్తకపోతే నష్టం వారిదే.

88 నక్షత్ర మండలాల్లో విస్తీర్ణంలో ఈ ఆకాశసర్పమే పెద్దది, పాశ్చాత్యులకు హైడ్రా. పునర్వసుకూ మఖకూ నడుమ, కాస్త దక్షిణంగా గుత్తిగా కనిపించే చిన్న చుక్కలు దీని పడగ, అవే మన ఆశ్లేష. నిజానికి అవి ఒకచోటివి కావు. ఒకటి సుమారు 130 కాంతి సంవత్సరాల దూరాన ఉంటే, మరొకటి 500 దాటి ఉంది. మెడ కింద నారింజ ఛాయలో మెరిసే ఆల్ఫార్డ్‌కు చుట్టుపక్కల సాటి చుక్క లేదు. ఈ రాత్రి మనకు చేరే దాని వెలుగు సుమారు 177 ఏళ్ల కిందట బయల్దేరింది. భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన 1871 అప్పటికింకా రాలేదు.

రెబ్బెన మండలంలోని గోలేటిలో ఆల్ఫార్డ్ దొరకడం కష్టమేమీ కాదు. పడగ చుక్కలతోనే చిక్కు. ఖైరిగూర ఓపెన్ కాస్టు గని ఫ్లడ్ లైట్లు, టౌన్‌షిప్ వీధి దీపాలు, దుమ్ము కలిసి మసక చుక్కలను మింగేస్తాయి. రాత్రిపూట డంపర్లు తిరిగేచోట దీపాలు తగ్గించమనడం తగదు, అది ప్రాణాలతో చెలగాటం. వీధి దీపాలకు మాత్రం పైకి వెలుగు చిమ్మని మూతలు పెట్టవచ్చు. అందుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఈలోగా చంద్రుడు లేని రాత్రి చూసి బడిపిల్లలను ఊరి బయటికి తీసుకెళ్లే మాస్టారు ఒకరుంటే చాలు. మార్చి చివర్లో అయితే రాత్రి పదింటికల్లా పాము తోకతో సహా బయటపడుతుంది. తోక ఆగ్నేయాన దిగువగా ఉంటుంది కనుక, గని తవ్వి పోసిన ఓబీ మట్టి గుట్ట అడ్డురాని చోటు వెతుక్కోవాలి.