తూకానికి అమ్మేది ఇనుమేనా?



మా ఆసుపత్రి వెనుక, జనరేటరు గది పక్కన ఒక చిన్న గది ఉంది. దాని తాళం తీసేది ఏడాదికి ఒకటి రెండు సార్లే. లోపల ఏమున్నాయో చెబితే మీలో చాలామందికి మీ దుకాణంలోనో, మిల్లు ఆఫీసులోనో ఉన్న మూల గుర్తుకు రావచ్చు. ముందుకు పొడుచుకు వచ్చిన పాత మానిటర్లు, రిబ్బను ఎండిపోయిన ప్రింటరు, పొట్ట ఉబ్బిన యూపీఎస్ బ్యాటరీలు, గీత గీయడం మానేసిన ఈసీజీ యంత్రం, తీగలు, తీగలు, మళ్ళీ తీగలు. వీటిలో కొన్ని విదేశాల నుంచి స్నేహితులు ప్రేమతో పంపినవి. అక్కడి 110 వోల్టులకు తయారైన ఆ యంత్రాలు మన 230 వోల్టుల కరెంటుకు పనికిరాక, పెట్టె విప్పిన నాటి నుంచి అక్కడే ఉన్నాయి.

కొన్నేళ్ళ క్రితం ఆ గది నిండిపోయింది. ఎక్కువ ధర చెప్పిన పాత సామాన్ల వ్యాపారిని పిలిచి, తూకం వేయించి, డబ్బు లెక్కలో రాసుకుని రసీదు తీసుకున్నాం. గది ఖాళీ అయిందని సంతోషించాం కూడా. రెండు నెలల తరువాత ఒక కుర్రవాడు వచ్చాడు. ఆ కుప్పలోని ఒక కంప్యూటరును తక్కువ ధరకు కొని బాగు చేయించుకున్నాడట. "అయ్యా, ఇందులో మీ రోగుల పేర్లు, జబ్బుల పేర్లు ఉన్నాయి. నాకెందుకండీ ఇవి?" అంటూ హార్డ్ డిస్కును మా బల్ల మీద పెట్టాడు.

అతను మంచివాడు కాబట్టి తెచ్చి ఇచ్చాడు. మిగిలిన కంప్యూటర్లు ఎవరి ఇంటికి చేరాయో ఈ రోజుకీ మాకు తెలియదు. ఈ మాట దాచిపెట్టి మీకు నీతులు చెప్పడం న్యాయం కాదు, అందుకే ముందుగా చెబుతున్నాం.

చెరిపేశామనుకున్నది చెరగదు

కంప్యూటరులో ఒక ఫైలును తీసేసినప్పుడు నిజంగా జరిగేది ఏమిటి? పుస్తకం ముందున్న విషయసూచికలో ఒక వరుస కొట్టివేసినట్లు, అంతే. లోపలి పేజీ అలాగే ఉంటుంది. త్వరగా ఫార్మాట్ చేసినా చాలావరకు ఇదే పరిస్థితి. ఆ పేజీని తిరిగి చదివే సాఫ్ట్‌వేరు ఎవరికైనా దొరుకుతుంది. కొత్త రకం జిరాక్స్ యంత్రాలు చాలావాటిలో కూడా హార్డ్ డిస్కు ఉంటుంది. మీరు జిరాక్స్ తీయించిన భూమి కాగితం, ఆధార్ కార్డు, డిశ్చార్జి కాగితం వాటిలో నిలిచి ఉండవచ్చు.

ఇది మా ఒక్కరికే జరిగిన పొరపాటు కాదు. ఇంగ్లండులోని బ్రైటన్, ససెక్స్ ప్రభుత్వ ఆసుపత్రుల ట్రస్టు 2010లో సుమారు 1,000 హార్డ్ డిస్కులను ధ్వంసం చేసే పని బయటివారికి అప్పగించింది. వాటిలో 250కి పైగా ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. వాటిలో వేలాది మంది రోగుల వివరాలున్నాయి, హెచ్.ఐ.వి. చికిత్స పొందుతున్నవారివి సహా. 2012లో ఆ ట్రస్టుకు 3,25,000 పౌండ్ల జరిమానా పడింది. ధ్వంసం చేయమని చెప్పారు కానీ, చేశారో లేదో ఎవరూ లెక్కచూడలేదు.

మన పల్లెల్లో జబ్బు పేరు బయటకు వస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయి. అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు. రోగి మమ్మల్ని నమ్మి నోరు విప్పుతాడు. ఆ నమ్మకాన్ని మేము కిలోల లెక్కన అమ్మేశాం. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ బాధ్యతను సమాచారం సేకరించినవారి మీదే పెట్టింది. తగిన జాగ్రత్త తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చని అందులో ఉంది. అయినా చట్టం కన్నా ముందు ఇది మాట నిలబెట్టుకునే విషయం.

పొగలో, బూడిదలో, నీటిలో

రెండో సంగతి ఆరోగ్యం. పాత పద్ధతి మానిటరు వెనుక భాగంలో గరాటులా ఉండే గాజు బరువులో సుమారు ఐదో వంతు సీసమే. పాత సర్క్యూట్ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీలో సీసం, గంధకామ్లం కలిసి ఉంటాయి. కొన్ని పాత బ్యాటరీలలో కాడ్మియం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఇవన్నీ పెట్టెలో ఉన్నంతవరకు మనకు హాని చేయవు. పగలగొట్టినప్పుడు, కాల్చినప్పుడు, ఆమ్లంలో ముంచినప్పుడే ప్రమాదం. రాగి కోసం తీగ మీది ప్లాస్టిక్కును కాలిస్తే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. బోర్డుల మీది బంగారపు పూత కోసం వాడిన ఆమ్లాన్ని చివరకు ఏ కాలువలోనో పారబోస్తారు. ఢిల్లీలోని సీలంపూర్‌లో, రామగంగ ఒడ్డున ఉన్న మొరాదాబాద్‌లో ఏళ్ళ తరబడి జరిగినది ఇదే.

సీసానికి 'ఇంతవరకు ఫరవాలేదు' అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి వెళ్ళిన సీసాన్ని పెద్దల కన్నా చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత, కడుపునొప్పి, చదువులో వెనుకబాటు దీని లక్షణాలు. మెదడుకు జరిగిన నష్టం మందులతో తిరిగి రాదు. తండ్రి బట్టల మీది దుమ్ముతో కూడా అది ఇంట్లోకి వస్తుంది.

మన ప్రాంతం సంగతి మరీ ఆలోచించవలసినది. మనది డెల్టా. బందరు వైపు, దివిసీమ వైపు వెళ్ళే కొద్దీ భూమిలో నీరు ఉప్పన. అందుకే కాలువ నీటినే చెరువుల్లో నింపుకుని తాగుతాం. ఎగువన కాలువ గట్టు మీద కాల్చిన బూడిద మొదటి వానకు నీటిలో కలుస్తుంది. దిగువన ఉన్న ఊరు దాన్ని తాగుతుంది. ఆ నీరే వరి చేలకు, చేపల చెరువులకు పోతుంది. పామర్రులో పారేస్తే పామర్రులోనే ఆగిపోయేది కాదు.

ఆసుపత్రి యంత్రాల సంగతి వేరు

కొన్ని యంత్రాలను తూకానికి వేయడం ప్రాణాలతో చెలగాటమే. 1987లో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక క్యాన్సర్ చికిత్సా కేంద్రంలో పాత రేడియేషన్ యంత్రాన్ని వదిలేశారు. ఇద్దరు దాన్ని విప్పి పాత ఇనుము కొట్టుకు అమ్మారు. లోపలి సీజియం పొడి చీకట్లో నీలంగా మెరిసింది. వింతగా ఉందని చుట్టాలకు పంచారు. నలుగురు చనిపోయారు, వారిలో ఒకరు ఆరేళ్ళ పాప. లక్షకు పైగా జనాన్ని పరీక్షించవలసి వచ్చింది.

అది దూరదేశం కథ అనుకోవద్దు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1985 నుంచి వాడని ఒక కోబాల్ట్ యంత్రాన్ని వేలం వేసింది. అది మాయాపురి ఇనుము కొట్లకు చేరింది. ఒకరు ప్రాణం కోల్పోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అమ్మినవారు చదువుకున్నవారే. కొన్నవారికి మాత్రం అందులో ఏముందో తెలియదు.

మామూలు ఎక్స్‌రే యంత్రం అలాంటిది కాదు, కరెంటు లేకపోతే అందులో కిరణాలు పుట్టవు. అయినా దాన్ని తీసేసేటప్పుడు అణుశక్తి నియంత్రణ మండలికి తెలియజేయాలి. స్కానింగ్ యంత్రాన్ని 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు కానివారికి అమ్మకూడదు. చుట్టుపక్కల చిన్న నర్సింగ్ హోములు నడిపేవారు ఈ రెండు మాటలూ గుర్తుంచుకోవాలని మనవి.

"మా దగ్గర ఉన్నది ఒక్క కంప్యూటరేగా!"

ఈ మాట మేము చాలామంది నోట విన్నాం. నిజమే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఏడాదిలో కనీసం 1,000 పరికరాలు వాడే సంస్థలనే పెద్ద వినియోగదారులుగా లెక్కిస్తాయి. మీ ఎరువుల కొట్టు, మీ జిరాక్స్ షాపు, మా ఆసుపత్రి ఆ లెక్కలోకి రాకపోవచ్చు. కానీ ఒక్కొక్కటే కదా కుప్ప అయ్యేది. 2022లో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయితే, సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్లు లెక్కకు వచ్చినది నాలుగో వంతు కూడా లేదు.

మరొక మాట: "పాత సామాన్లవాడి పొట్ట కొడతారా?" లేదు. సైకిలు మీద ఎండలో తిరిగే ఆ మనిషి మన శత్రువు కాదు. అట్టలు, సీసాలు, ఇనుము తప్పక అతనికే ఇవ్వండి. విషం ఉన్న వస్తువును మాత్రం అతని చేతిలో పెట్టకండి. మనం తక్కువలో వదిలించుకున్న ప్రమాదాన్ని అతని పిల్లలు మోయకూడదు.

ఇంకా కొందరు "పారేయడమెందుకు, బడికి దానం చేద్దాం" అంటారు. పనిచేసేదైతే ఎంతో మంచిది. బాగుచేసి వాడుకోవడాన్ని మించిన రీసైక్లింగ్ లేదు. పనిచేయనిది ఇస్తే మాత్రం అది దానం కాదు, మన చెత్తను ఇంకొకరి గదిలోకి మార్చడమే. అలాంటి దానాలు అందుకున్నవారం కనుక ఈ మాట అనే చనువు మాకుంది.

ఏం చేయవచ్చు?

పాత కంప్యూటరు ఇచ్చేముందు హార్డ్ డిస్కును బయటకు తీయించండి. వాడుకకు ఇస్తుంటే డిస్కంతా తిరగరాసి తుడిచే సాఫ్ట్‌వేరుతో తెలిసినవారి చేత శుభ్రం చేయించండి. కొత్త రకం ఎస్ఎస్‌డీలకు ఆ పద్ధతి చాలదు, తయారీదారు ఇచ్చే తుడిచివేత పద్ధతినే వాడాలి. ఇక వాడేది లేకపోతే డిస్కును ముక్కలు చేయించండి.

సెల్ ఫోను అయితే ముందు అందులోని ఖాతాల నుంచి బయటకు వచ్చి, సిమ్, మెమరీ కార్డు తీసి, ఆ తరువాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఫోను బ్యాటరీని ఎప్పుడూ గుచ్చవద్దు, నలగగొట్టవద్దు, మంట లేస్తుంది.

యూపీఎస్, ఇన్వర్టర్ బ్యాటరీలను కొత్తవి కొన్నచోటే తిరిగి ఇచ్చి ధర తగ్గించుకోండి. తిరిగి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ నిబంధనలు చెబుతున్నాయి.

మిగిలినవాటిని కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వండి, కాగితం తీసుకోండి. ఒక్క కంప్యూటరు కోసం ఎవరూ రారు, నిజమే. అందుకే సంఘం, బడి, బజారులోని దుకాణాలవారు కలసి ఏడాదికి ఒక రోజు పెట్టుకుంటే, ఒక వ్యాను నిండేంత సామాను చేరుతుంది. అప్పుడు వారే వస్తారు.

మా వంతుగా మేము మార్చుకున్నది ఇది. ప్రతి యంత్రానికి ఒక నంబరు, ఒక పుస్తకం. హార్డ్ డిస్కు తీయకుండా ఏ కంప్యూటరూ గేటు దాటదు. ఆ డిస్కును ఇద్దరి ఎదుట ధ్వంసం చేసి, ఇద్దరి సంతకాలూ పుస్తకంలో తీసుకుంటున్నాం. వచ్చే డబ్బు మునుపటికన్నా తక్కువే. ఆ తేడా మా రోగుల గుట్టుకు, కాలువ కిందనున్న పిల్లల రక్తానికి మేము కడుతున్న ధర అనుకుంటున్నాం. అది ఎక్కువని మాకు తోచలేదు.

ఆ కుర్రవాడు తెచ్చి ఇచ్చిన డిస్కును కూడా ఆ పద్ధతిలోనే ముక్కలు చేశాం. అతను మాకు నేర్పిన పాఠాన్ని మీతో పంచుకోవడానికే ఇదంతా రాశాం. ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ మూలగది తలుపు తెరచి ఒకసారి చూడండి. తూకం వేసేవాడిని పిలిచేముందు, అందులో ఎవరి పేర్లున్నాయో ఆలోచించండి.