స్లైడ్ మీద మన ఊరు

డిగ్రీ అడ్మిషన్ల రోజుల్లో భద్రాచలం బస్టాండులో పిల్లల మాటలు వింటే ఒకటి పదే పదే చెవిన పడుతుంది: "నీట్‌లో సీటు రాలేదు, అందుకే బీజెడ్‌సీ." వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల డిగ్రీ గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. జీవశాస్త్రం చదవడానికి ఈ అడవి అంచుకన్నా మంచి చోటు నాకు తెలిసి లేదు.

మన కోయ గూడేల్లో సికిల్ సెల్ అనే నెత్తుటి జబ్బు ఉంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానాన గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలీన్ చేరుతుంది. అంతే తేడా. ఆక్సిజన్ తగ్గగానే గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. బిడ్డ కీళ్లు పట్టుకుని రాత్రంతా ఏడుస్తుంది. ఆ తేడాకు కారణమైన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర్నుంచే వస్తే మనిషి వాహకుడు మాత్రమే, మామూలుగానే ఉంటాడు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత కాపుదల. తూర్పు ఆఫ్రికాలో శాస్త్రవేత్త ఆంథొనీ అలిసన్ 1954లో చూపించింది ఇదే. తరతరాలుగా చలిజ్వరం కాపురమున్న అడవుల్లో ఈ జన్యువు ఎందుకు నిలిచిందో దీంతో తెలుస్తుంది. పరిణామవాదం మన గడపలోనే ఉంది. మనం మాత్రం బోర్డు మీద మెండెల్ బఠానీలు గీసి పాఠం ముగిస్తాం.

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే నాలుగింట ఒక వంతు ముప్పు అని పరీక్షలో రాస్తారు. గూడెంలో దాన్నే "ఒకడికి వచ్చింది కదా, మిగతా ముగ్గురికీ రాదులే" అనుకుంటారు. ప్రతి కాన్పుకూ ఆ పావువంతు ముప్పు మళ్లీ మొదటికొస్తుందని కోయ భాషలో విడమరచి చెప్పేదెవరు?

నిరుడు ఒక చిన్న కాలేజీ ల్యాబుకు వెళ్లాను. ఫైనలియర్ అమ్మాయి గాజుగొట్టంలో ద్రావణం పోసి, కంట్రోల్ శాంపిల్ (ఫలితం ముందే తెలిసిన నెత్తురు) నుంచి ఒక చుక్క కలిపింది. గొట్టం వెనక నల్ల గీతలున్న కాగితం పెట్టింది. ఐదు నిమిషాలకు ద్రావణం మసకబారి గీతలు కనిపించకుండా పోయాయి. హిమోగ్లోబిన్ ఎస్, అంటే ఆ మారిన హిమోగ్లోబిన్, ఉన్నట్టే. వాహకుడా, రోగియా అన్నది తేలాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే మరో పరీక్ష చేయాలి. "మా అన్నకు ఇట్లనే చేశారు సార్" అంది, గొట్టం దించకుండానే.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. క్లాసులో పిల్లల నెత్తురు పిల్లలే పరీక్షించుకునే పని పెట్టొద్దు. వాహకురాలన్న మాట బయటికి పొక్కితే ఆడపిల్ల పెళ్లికి అడ్డం పడుతుంది. నేర్చుకోవడం కంట్రోల్ శాంపిల్‌తో, సొంత పరీక్ష ఆస్పత్రిలో, ఫలితం ఆమె చేతికే.

కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్షలు, 2047కల్లా నిర్మూలన అని లక్ష్యం పెట్టుకుంది. అంత పనికి చేతులు కావాలి. గూడెం భాష, జన్యుశాస్త్రం రెండూ వచ్చిన చేతులు మన బీజెడ్‌సీ క్లాసుల్లోనే ఉన్నాయి. ఈ కాలేజీలకు పనిచేసే మైక్రోస్కోపులు, ఒక్కో టెక్నీషియన్ ఇవ్వండి. చివరి ఏడాది పిల్లలకు శిక్షణ ఇచ్చి, పని చేయించుకున్న రోజులకు డబ్బులివ్వండి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ తలుచుకుంటే ఇదేమంత పెద్ద పని కాదు.

ల్యాబులో కలిసిన ఆ అమ్మాయి అన్న రోజూ ఫోలిక్ యాసిడ్ బిళ్ల వేసుకుంటాడట. నెత్తుటి కణాలు తొందరగా చితికిపోతుంటే కొత్తవి తయారవడానికి అది కావాలి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని ఆమెకు చెప్పాను. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వకుండా అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టారనీ చెప్పాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన మీద పుస్తకం ఉందా సార్? మా లైబ్రరీలో చూడలేదు" అంది.

పంపుతానమ్మా అన్నాను. పోయిన నెల పంపాను.