దెబ్బ తగిలితే లెక్క ఎవరి ఖాతాలో?

2025 జూన్ చివర్లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో, తిమోర్ లెస్తెతో మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గుగులోత్ సౌమ్య ముక్కు విరిగింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన ఈ అమ్మాయి అంతకుముందు సీజన్‌లోనే ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. మిగిలిన మ్యాచ్‌లు ఆమె లేకుండానే ఆడి, ఆఖర్న థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, మన జట్టు 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించింది. పత్రికలు గెలుపు గురించి రాశాయి, రాయాల్సిందే. అయితే ఎముక అతుక్కునేదాకా వైద్యం ఎవరు చూడాలి, ఆ వారాల జీతం ఎవరు భరించాలి, మళ్లీ బంతికి తల పెట్టవచ్చని ఎవరు చెప్పాలి అన్న ప్రశ్నలు క్రీడాపేజీ దాకా రావడం అరుదు.

క్లబ్బా, దేశమా అన్న మాట రాగానే ఆటగాడి మనసులో ఏముందోనని ఆరా తీస్తాం. జాతీయ శిబిరానికి రాకపోతే దేశభక్తి లేదంటాం, వచ్చి దెబ్బ తగిలించుకుంటే అయ్యో అని ఊరుకుంటాం. నా మట్టుకు ఈ తగవులో విశ్వాసం పాలు తక్కువ, ఖర్చు పాలు ఎక్కువ. యూరప్‌లో జరిగింది చూడండి. 2004లో మొరాకో తరఫున బుర్కినా ఫాసోతో ఆడుతూ అబ్దెల్మజీద్ ఊల్మెర్స్ గాయపడి నెలల తరబడి మంచాన్నీ ఫిజియోనీ నమ్ముకున్నాడు. జీతమిచ్చేది మాత్రం బెల్జియంలోని షార్లరువా క్లబ్. ఆ చిన్న క్లబ్ ఫిఫా మీద కోర్టుకెక్కింది, పెద్ద క్లబ్బులు వెనక నిలిచాయి. 2008లో రాజీ కుదిరింది. ఆటగాళ్లను పంపినందుకు క్లబ్బులకు ఫిఫా, యూఎఫా డబ్బు చెల్లించే ఏర్పాటు అలా వచ్చింది. 2012 నుంచి ఫిఫా బీమా పథకమూ వచ్చింది: జాతీయ జట్టుకు ఆడుతూ గాయపడి 28 రోజులకు మించి ఆటకు దూరమైతే, ఏడాది వరకు, గరిష్ఠంగా 75 లక్షల యూరోల దాకా క్లబ్బుకు జీతం తిరిగి వస్తుంది. గొడవలు పూర్తిగా పోయాయని కాదు. 2025 సెప్టెంబరులో తమ ఆటగాడు లమీన్ యమాల్‌ను నొప్పి మాత్రలు మింగించి స్పెయిన్ ఆడించిందని బార్సిలోనా కోచ్ హాన్సి ఫ్లిక్ బాహాటంగానే మండిపడ్డాడు. కానీ అక్కడి గొడవ ఆటగాడి ఒళ్లు గురించి, జీతం గురించి కాదు.

మన దగ్గర ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం. 2023 సెప్టెంబరులో కింగ్స్ కప్‌లో దేశానికి ఆడుతూ ఆషిక్ కురునియన్ మోకాలు దెబ్బతింది. ఆటగాణ్ణి కోల్పోయింది అతని కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్. 2025 ఆగస్టులో కాఫా నేషన్స్ కప్‌కు ఆటగాళ్లను పంపమంటే అదే క్లబ్ ఒప్పుకోలేదు. టోర్నీ అంతా ఫిఫా తేదీల్లో, అంటే క్లబ్బులు ఆటగాళ్లను విధిగా పంపాల్సిన రోజుల్లో, లేదన్నది ఒక కారణం. దేశానికి ఆడి గాయపడ్డ తమ వాళ్లను అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ పట్టించుకోలేదన్నది అసలు కడుపుమంట. వెళ్లిన జట్టు మూడో స్థానంతో తిరిగొచ్చింది. అందులోనే, ఇరాన్‌తో మ్యాచ్‌లో ఎఫ్‌సీ గోవా డిఫెండర్ సందేశ్ జింగాన్ ముఖం ఎముక విరిగింది. బగాన్ బెట్టు సబబేనని అనను. కానీ వాళ్ల భయం ఉత్తిది కాదని ఆ ఎముకే చెప్పింది.

ఇక్కడ పెద్దవాళ్లు 1962 గుర్తు చేస్తారు. జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఫైనల్లో దిగి గోల్ కొట్టాడు, ఆ జట్టును నడిపిన మన హైదరాబాద్ రహీం సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతూనే బెంచ్ మీద కూర్చున్నాడు, వాళ్లెవరూ బీమా అడగలేదు కదా అని. అడగలేదు, నిజమే. కానీ ఆనాటి ఆటగాళ్లలో చాలామంది ఉద్యోగులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆడినవాడు పోలీసే. కాలు విరిగినా ఒకటో తారీఖున జీతం పడేది, ఆట మానేసినా కొలువు మిగిలేది. ఆ కొలువే వాళ్ల బీమా. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం జబ్బుచేసి 27 ఏళ్లకే ఆట వదిలినప్పుడు ఆదుకున్నది రైల్వే ఉద్యోగమే. ఇవాళ్టి ఆటగాడికి ఉన్నది ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టు. కాంట్రాక్టు ఆఖరి ఏడాదిలో మోకాలు పోతే మళ్లీ పిలిచేదెవరు?

క్లబ్బులూ పులుకడిగిన ముత్యాలేం కావు. గాయమని చెప్పి ఆపుకొని, వారం తిరక్కుండా మైదానంలో దించే తెలివి అన్నిచోట్లా ఉంది. అందుకే ఫిఫా రెండు ముడులు వేసింది: ఫెడరేషన్ అడిగితే దాని డాక్టర్ ముందు ఆటగాడు హాజరు కావాలి, పంపకుండా ఆపుకొంటే జాతీయ జట్టుకు ఆడాల్సిన గడువులోనూ, అది ముగిశాక ఇంకో ఐదు రోజులూ క్లబ్బుకు ఆడకూడదు. అయితే ఆ డాక్టరూ ఒక పక్షం మనిషే. ఇద్దరి జీతమూ తీసుకోని మూడో డాక్టర్ మాట చెల్లాలి. ఫిఫా బీమా వైద్యం ఖర్చు ఇవ్వదు, ఫిఫా తేదీలకు వెలుపల జరిగే మన సుదీర్ఘ శిబిరాలకు వర్తించదు. ఆ ఖాళీ పూడ్చాల్సింది పిలిచినవాళ్లే. 2025లో వాణిజ్య ఒప్పందం ముగిసి, ఇండియన్ సూపర్ లీగ్ ఆగిపోయి, ఫెడరేషనే దిక్కులు చూసింది, మరి డబ్బెక్కడిదంటారా? శిబిరానికి పిలిచే ముప్పై మందికి గ్రూపు బీమా కట్టడం, జట్టును విమానమెక్కించి హోటల్లో పెట్టే ఖర్చు ముందు పెద్ద లెక్కేం కాదు. అదీ కట్టలేనివాళ్లు ఆ శిబిరం పెట్టకూడదు.

కోట, వాకాడు లాంటి మన ఊళ్లలో బంతి తన్నే పిల్లలకు కోల్‌కతా తగవుతో ఏం పని అనిపించవచ్చు. తండా నుంచి సౌమ్య వెళ్లినట్టే రేపు ఇక్కడినుంచీ ఎవరో వెళ్తారు. పిల్లకు జాతీయ శిబిరం నుంచి పిలుపు లేఖ వస్తే తల్లిదండ్రులు అందులో మొదట వెతికేది దెబ్బ తగిలితే చూసుకునేది ఎవరన్న వాక్యమే. ఆ వాక్యం కింద ఫెడరేషన్ సంతకం ఉండాలి.